వెబ్‌సైట్ తర్వాత కట్టొచ్చు, ముందు ఎక్సెల్ షీట్ తెరవండి

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. ప్రకాశం, నెల్లూరు వైపు ఊళ్లలో మూడేళ్లు తిరిగి వీరగల్లులు (పోరులో పడిపోయిన వీరుల గుర్తుగా నిలబెట్టిన రాళ్లు), చిన్నచిన్న శాసనాల ఫొటోలు తొమ్మిది వేల దాకా తీశారు. కాటమరాజు కథ పాడే కళాకారుల గొంతులు 64 గంటలు రికార్డు చేశారు. అందులో కొంత భాగం అను ఫాంట్లలో డీటీపీ చేయించారు. ఊళ్ల పట్టిక ఎక్సెల్‌లో ఉంది. ఇదంతా ఒక 2 టీబీ హార్డ్ డిస్కులోనూ, యూనివర్సిటీ మెయిల్‌తో వచ్చిన డ్రైవ్‌లోనూ పెట్టారు. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, సొంత వెబ్‌సైట్ కట్టించుకోవాలా, ఎంతవరకు బయట పెట్టొచ్చు అన్నవి మీ ప్రశ్నలు. థీసిస్ ఇచ్చేదాకా ఎవరికీ చూపించొద్దని మీ గైడ్ గారు అన్నారని కూడా రాశారు.

వెబ్‌సైట్ ఇప్పుడే వద్దు. ఫెలోషిప్ డబ్బులతో కట్టించిన సైట్లు ఫెలోషిప్ అయిపోయిన ఏడాదికే మాయం కావడం నేను చాలాసార్లు చూశాను. డొమైన్ రెన్యువల్ మెసేజ్ పాత మెయిల్‌కి వెళ్తుంది, ఎవరూ చూడరు, అంతే. పైగా సైట్ కట్టేవాడు మీ ఫొటోలను చిన్నవి చేసి ఎక్కిస్తాడు. చూసేవాళ్లకి అది బాగుంటుంది గానీ దాచుకోవడానికి పనికిరాదు. దాచడం వేరు, చూపించడం వేరు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం ఇబ్బందులు వస్తాయి.

నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మొదట్లో చేసిన ఒక తప్పు చెప్తాను, మీకు పనికొస్తుంది. 2005లో ఒక చిన్న సంస్థలో పాత క్యాసెట్లను సీడీలకెక్కించే పని మాది. రెండు వందల పైచిలుకు సీడీలు తయారుచేసి, బీరువాలో వరసగా పేర్చి, పని అయిపోయిందని మురిసిపోయాం. పదేళ్లకు తీసి చూస్తే దాదాపు మూడో వంతు సీడీలను డ్రైవ్ చదవలేదు. సరే, అది ఊహించదగ్గదే. అసలు దెబ్బ వేరే ఉంది. 2016లో ఒకావిడ వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ల తాత బుర్రకథ చెప్పేవాడట. ఎనభైల్లో మీవాళ్లెవరో వచ్చి రికార్డు చేసుకెళ్లారు, ఆ గొంతు ఒక్కసారి వినిపించండి అని అడిగింది. వెతికితే ఆ ప్రాంతానివి అనుకోదగ్గ సీడీలు నాలుగు దొరికాయి. లోపల ఫైళ్ల పేర్లు చూస్తే ట్రాక్ 01, ట్రాక్ 02. నాలుగూ వినిపించాం. తాత పోయేనాటికి ఆవిడకి ఐదేళ్లు. ఆ నాలుగు గొంతుల్లో తాతది ఏదో ఆవిడకీ తెలీదు, మాకూ తెలీదు. అసలు సంగతేంటంటే క్యాసెట్ కవర్ల మీద పేరు, ఊరు, తేదీ అన్నీ రాసే ఉండేవి. సీడీలకెక్కించేశాం కదా, ఇంకెందుకు అని ఆ కవర్లు పారేశాం. పారేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

అందుకే మీకు ముందు సాఫ్ట్‌వేర్ పేరు చెప్పడం లేదు. మీ ఎక్సెల్ షీట్ తెరవండి. ప్రతి రికార్డింగుకూ ఒక వరస, ప్రతి రాయికీ ఒక వరస ఉండాలి. ఎవరు పాడారు, పక్క వాద్యం ఎవరు, ఎవరింట్లో, ఏ తేదీన, ఏ సందర్భంలో పాడారు, ఏ రికార్డర్ వాడారు, పాడినవాళ్లు దేనికి ఒప్పుకున్నారు, ఇవన్నీ అందులోకి రావాలి. రాయి అయితే ఎక్కడ నిలబెట్టి ఉంది, ఎంత ఎత్తు, ఏ ముఖాన చెక్కారు, ఊళ్లోవాళ్లు దాన్ని ఏమని పిలుస్తారు అన్నవి రాయండి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. పుస్తకంలో 'వీరగల్లు' అంటాం గానీ, ఊళ్లో దాన్ని వీరన్న అనో, పోతురాజు అనో, ఉత్త 'బొమ్మరాయి' అనో అంటుంటారు. ఆ పేరు రాసి ఉంటేనే మీ తర్వాత వెళ్లేవాళ్లు అక్కడ దారి అడిగి రాయి దగ్గరకి చేరగలుగుతారు.

ఊరు అనే గడి గురించి కొంచెం ఆగి చెప్పాలి. మన దగ్గర కొత్తపల్లి, రామాపురం అని రాస్తే ఏమీ రాయనట్టే. ఒక్కో జిల్లాలో అరడజను ఉంటాయి. జిల్లా పేరు రాస్తే చాలనుకుంటే అదీ నిలబడదు. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. మీరు తిరిగిన ప్రాంతమే చూడండి. అప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వెళ్లింది, అద్దంకి బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. పాత శాసన సంపుటాల్లో అయితే నెల్లూరు జిల్లా, గుంటూరు జిల్లా అనే ఉంటుంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి తర్వాత ప్రకాశం అయింది కదా, అంతకు ముందువి అలాగే రాశారు. కాబట్టి రాసేటప్పుడు ఊరు, మండలం, మీరు వెళ్లిన రోజున ఉన్న జిల్లా, పాత తాలూకా పేరు వేర్వేరు గడుల్లో రాయండి. దాంతోపాటు 2011 జనాభా లెక్కల్లో ఆ గ్రామానికి ఇచ్చిన కోడ్ నంబరు వేయండి. హద్దులు ఎన్నిసార్లు మారినా నంబరు పట్టుకుని వెతుక్కోవచ్చు. అక్షాంశ రేఖాంశాలు కూడా వేయండి, కానీ వాటి గురించి కింద ఒక హెచ్చరిక ఉంది.

వివరాలు సరిగ్గా రాయకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకి వేరే ఉదాహరణ అక్కర్లేదు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చాలు. వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు, అది సామాన్యమైన పని కాదు. కానీ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. రచయిత గడిలో ముద్రాపకుడు, ముద్రాపకుడి గడిలో పుస్తకం పేరు. మనకి కావాల్సిన పుస్తకం అక్కడే ఉండేది, వెతికితే దొరికేది కాదు. తర్వాత తెలుగు వికీపీడియావాళ్లు కూర్చుని ఒక్కో పుస్తకం తెరిచి చూసి తెలుగులో జాబితాలు రాశారు. స్కాన్ చేసిన రోజు రెండు నిమిషాల్లో అయ్యే పనికి తర్వాత ఏళ్లు పట్టింది. ఆ డిజిటల్ లైబ్రరీ సైట్ కూడా తర్వాత మూతపడింది. ముందే ఆ పుస్తకాల కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలోకి చేరడం వల్ల బతికాయి. ఇప్పుడు అక్కడ మనం చదువుకునే పాత తెలుగు పుస్తకాల్లో చాలా భాగం అలా వచ్చినవే. ఒకే ఉదాహరణలో రెండు సంగతులూ ఉన్నాయి చూడండి. వివరం లేకపోతే ఉన్నదీ కనపడదు. వేరేచోట కాపీ లేకపోతే కనపడేదీ ఉండదు.

ఇక కాపీల సంగతి. మీకు నిజంగా ఉన్నది ఒకటిన్నర కాపీ. యూనివర్సిటీ మెయిల్ మీరు బయటికొచ్చిన కొన్నాళ్లకి ఆపేస్తారు, దాంతో డ్రైవ్ కూడా పోతుంది. సొంత గూగుల్ అకౌంట్ అయినా రెండేళ్లు ముట్టుకోకపోతే తీసేసే హక్కు తమకుందని 2023లోనే వాళ్లు ప్రకటించారు. ఇంకో చిక్కు కూడా ఉంది. కంప్యూటర్‌తో సింక్ అయ్యే డ్రైవ్ బ్యాకప్ కాదు. ఇక్కడ పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. ట్రాష్‌లో ముప్పై రోజులుంటుంది, ముప్పై ఒకటో రోజున గుర్తొస్తే చేసేదేం లేదు.

ఈ వారమే ఇంకో కంపెనీ హార్డ్ డిస్క్ ఒకటి కొనండి. రెండూ ఒకే రోజు ఒకే షాపులో కొన్నవి అయితే రెండూ దాదాపు ఒకే వయసులో పాడవుతాయి, అందుకే వేరే కంపెనీ అంటున్నాను. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి మీ ఇంట్లో కాకుండా బయట. పుట్టింట్లో పెట్టినా, స్నేహితురాలి ఇంట్లో పెట్టినా సరే. రెండూ ఒకే బీరువాలో ఉంటే మాత్రం ఒక్క వానకి రెండూ తడుస్తాయి.

కాపీ చేసేటప్పుడు ఉత్త కాపీ-పేస్ట్ చేయకండి. టెరాకాపీ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో 'వెరిఫై' ఎంచుకుంటే అది ప్రతి ఫైలునీ కాపీ చేశాక మళ్లీ చదివి పోల్చి చూస్తుంది. దీని వెనక ఉన్నది చెక్‌సమ్. ఫైలు మొత్తాన్ని లెక్కకట్టి ఒక పొడవాటి అంకె ఇస్తుంది, ఫైలుకి వేలిముద్ర లాంటిదనుకోండి. లోపల ఒక్క బిట్ మారినా అంకె పూర్తిగా మారిపోతుంది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అన్ని ఫైళ్ల అంకెలూ ఒక టెక్స్ట్ ఫైలులో రాసి ఫోల్డర్‌లోనే ఉంచండి. ఏడాదికోసారి, సంక్రాంతికో ఉగాదికో ఒక రోజు పెట్టుకుని, సరిచూడండి. తేడా వచ్చిన ఫైలుని రెండో డిస్కు నుంచి తెచ్చుకోవచ్చు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌వాళ్లు ఇదే పనికి బ్యాగర్ అని ఒక ఉచిత టూల్ ఇచ్చారు. ఫోల్డర్‌ని వివరాలతో, వేలిముద్రలతో కలిపి మూటకట్టి ఇస్తుంది. ఏదైనా ఆర్కైవ్‌కి ఇవ్వాల్సి వస్తే ఆ మూట అలాగే ఇచ్చేయొచ్చు.

'పెద్ద సంస్థకి ఇచ్చేస్తే వాళ్లే చూసుకుంటారు కదా' అని కొందరు అంటారు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగితే కేటలాగ్ కూడా నెలల తరబడి లేదు. ప్రపంచంలో అంతరించిపోయే దశలో ఉన్న రాతప్రతులను స్కాన్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టే వాళ్ల ప్రాజెక్టు సైటూ దాంతోపాటే మూతపడింది. మరుసటి ఏడాది అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ వంతు వచ్చింది, 3 కోట్లకు పైగా అకౌంట్ల వివరాలు బయటికి పోయాయి, కొన్ని రోజులు సైట్ తెరుచుకోలేదు. వాటికి ఇవ్వొద్దని కాదు నా మాట. ఇవ్వండి, కానీ మీ డిస్కు మీ దగ్గర ఉండనివ్వండి.

ఫాంట్ల సంగతికి వస్తాను. మీ సామాన్లలో ముందుగా చచ్చిపోయేది ఇదే, ఫొటోలూ ఆడియో కాదు. అను ఫాంట్లలో కొట్టిన ఫైలులో నిజానికి తెలుగు లేదు. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఆ ఫాంట్ పైన తొడిగితే తెలుగులా కనిపిస్తాయి. ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. గూగుల్‌లో వెతికితే దొరకదు. మీ డీటీపీ అబ్బాయి షాపు ఉన్నప్పుడే ఏ వెర్షన్‌లో కొట్టాడో అడిగి రాసుకోండి, మార్పిడి పట్టిక వెర్షన్‌ని బట్టి మారుతుంది. దీన్ని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే ఉండే అక్షరాల్లోకి, మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, తొంభై శాతం పని అవుతుంది. మిగిలిన పది శాతం ఒత్తుల దగ్గర, అరసున్నాల దగ్గర తేడా కొడుతుంది. అది మనిషి కూర్చుని చూసుకోవాల్సిందే. అసలు ప్రింటు తీసినది పీడీఎఫ్‌గా పక్కన ఉంచుకోండి, పోల్చుకోవడానికి.

యూనికోడ్‌లోకి మార్చాక కూడా ఒక ప్రమాదం ఉంది. ఎక్సెల్‌లో సేవ్ యాజ్ నొక్కి మామూలు సీఎస్‌వీ (పట్టికని సాదా టెక్స్ట్‌గా దాచే ఫైలు) ఎంచుకుంటే తెలుగంతా వరసగా ప్రశ్నార్థకాలైపోతుంది. చూడ్డానికి ఫాంట్ సమస్యలా అనిపిస్తుంది గానీ కాదు, అక్షరాలు నిజంగానే పోతాయి. ఆ ఫైలు నుంచి వెనక్కి రావు. లిస్టులో 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని ఇంకోటి ఉంటుంది, అది ఎంచుకోండి. నాకు తెలిసిన ఒక కుర్రాడు పదకొండు వందల సామెతలు ఇలా పోగొట్టుకున్నాడు. పాత ఎక్సెల్ ఫైలు వాళ్లన్నయ్య మెయిల్‌లో ఉండబట్టి సరిపోయింది.

శాసనాల పాఠం రాసేటప్పుడు మామూలు తెలుగు కీబోర్డు చాలదు. ఱ అందరికీ తెలుసు. పాత శాసనాల్లో 'చోఴ' అన్నచోట ఉండే ఴ అక్షరం యూనికోడ్ తెలుగులోకి 2014లో గానీ రాలేదు. చాలా ఫాంట్లలో ఇప్పటికీ డబ్బాలాగే కనిపిస్తుంది. డబ్బా కనిపించినా సరే, సరైన అక్షరమే కొట్టండి. 'ళ' పెట్టి సర్దుకుంటే రేపు ఫాంట్ వచ్చినా మీ పాఠం మారదు. ఫాంట్లు రావడం, లిపులు రావడం మన కళ్ల ముందు జరుగుతున్నదే. ఆదిలాబాద్ గుంజాలలో రాతప్రతుల్లో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. పదేళ్ల ముందు దాన్ని టైప్ చేస్తామని ఎవరనుకున్నారు?

పాఠంలో ఏ పంక్తి రాతి మీద ఎక్కడ ఆగిందో అక్కడే ఆపి నంబరు వేయండి. చెరిగిపోయిన అక్షరాన్ని ఊహించి నింపితే, అది ఊహ అని గుర్తు పెట్టండి. శాసనాలకి ఎపీడాక్ అని ఒక అంతర్జాతీయ పద్ధతి ఉంది, ఎక్స్‌ఎంఎల్‌లో రాస్తారు. మీకు కుదిరితే నేర్చుకోండి, లేకపోయినా ఫర్వాలేదు. గుర్తులు ఒకేలా వాడి, ఏ గుర్తుకి ఏ అర్థమో ఒక పేజీ రాసి పెడితే రేపు ఎవరైనా దాన్ని ఎపీడాక్‌లోకి మార్చుకోగలరు.

ఫొటోల విషయంలో ఒకే మాట. మధ్యాహ్నం పన్నెండుకి తీసిన ఫొటోలో రాయి ఉంటుంది, అక్షరం ఉండదు. చదవలేకపోయినవాటికి ఇంకోసారి వెళ్లే వీలుంటే సాయంత్రం చీకటి పడుతుండగా వెళ్లండి. ఒకరు టార్చిలైటును రాతికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి పట్టుకోవాలి. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉండాలి. ఎడమ నుంచి, కుడి నుంచి, పైనుంచి ఇలా ఎనిమిది వైపుల నుంచి వెలుగు కొడుతూ ఎనిమిది ఫొటోలు తీయండి. ఒకదాంట్లో కనపడని తలకట్టు ఇంకోదాంట్లో నీడ పట్టి లేస్తుంది. నేను మూడేళ్లు 'వ' అని చదువుకున్న అక్షరం ఇలా చూశాక 'ప' అని తేలింది, దాంతో మనిషి పేరే మారిపోయింది. ఇదే పనిని లెక్క ప్రకారం ముప్పై నలభై ఫొటోలతో చేసి, తెర మీద వెలుగుని మౌస్‌తో తిప్పుకునేలా చేసే పద్ధతిని ఆర్‌టీఐ అంటారు. సమాచార హక్కు కాదులెండి. దాని సాఫ్ట్‌వేరూ ఉచితమే. అక్షరం కనపడాలని ముగ్గుపిండి మాత్రం రుద్దకండి. పిండి ఎక్కడ పడితే అక్కడే అక్షరం ఉన్నట్టు కనిపిస్తుంది, రాయి కూడా అరుగుతుంది.

తొమ్మిది వేల ఫొటోలను సర్దడానికి ట్రోపీ వాడండి. పరిశోధకుల కోసమే అమెరికాలో ఒక యూనివర్సిటీవాళ్లు చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఒక రాయికి సంబంధించిన పాతిక ఫొటోలను ఒక వస్తువుగా కలిపి, వివరాలు ఒక్కసారే రాసుకోవచ్చు. మొదలుపెట్టే ముందే ఫొటోల ఫోల్డర్‌ని శాశ్వతంగా ఒకచోట పెట్టుకోండి, తర్వాత కదిపితే లింకులు తెగుతాయి. ఫైళ్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, తేదీ ముందు వచ్చేలా పెట్టండి. అది కూడా 2023-02-18 ఇలా సంవత్సరంతో మొదలవ్వాలి, అప్పుడే వరసలో నిలబడతాయి. వాట్సాప్‌లో పంపుకున్న ఫొటోలు ఏవైనా కలిసిపోయి ఉంటే విడిగా తీసిపెట్టండి. అది ఫొటోని కుదించేస్తుంది, ఎప్పుడు ఎక్కడ తీశామన్న సమాచారాన్ని కూడా తీసేస్తుంది.

ఆడియో గురించి మీకు భయం అక్కర్లేదు. 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ స్టీరియోలో గంటకి దాదాపు 1 జీబీ, మీ 64 గంటలూ కలిపి 66 జీబీ. ఈ రోజుల్లో అది పెద్ద లెక్క కాదు. రికార్డర్ ఇచ్చిన ఫైలు ఏదైతే అదే ఒరిజినల్, దాన్ని ముట్టుకోవద్దు. ఎంపీ3లో రికార్డయినదాన్ని వేవ్‌లోకి మారిస్తే సైజు పెరుగుతుంది గానీ నాణ్యత పెరగదు. దగ్గు, కుక్క అరుపు, మధ్యలో టీ తాగుతూ మాట్లాడుకున్నవి కోసేయాలనిపిస్తుంది. కోసిన కాపీ వేరే చేసుకోండి. ఆ టీ కబుర్లలోనే గురువు పేరు, ఏ ఊరి పాఠంలో ఏ ఘట్టం వదిలేస్తారు లాంటి సంగతులు బయటపడతాయి.

పాఠం రాయడానికి ఈలాన్ నేర్చుకోండి. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ భాషా మనోవిజ్ఞాన సంస్థ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్. ప్రతి వాక్యం ఆడియోలో ఏ సెకనుకి మొదలై ఏ సెకనుకి ముగిసిందో దాంతోపాటు ముడిపడి ఉంటుంది. ప్రధాన గాయకుడు ఒక వరసలో, వంత ఇంకో వరసలో. రేపు ఎవరైనా 'ఇది అలా పాడారా, నిజంగానా?' అంటే ఆ ముక్క నొక్కి వినిపించొచ్చు. దాని ఫైలు లోపల మామూలు టెక్స్టే, ఈలాన్ లేని కాలంలో కూడా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. డీటీపీ పాఠానికి లేనిది ఇదే. ఆడియోని దానంతటదే తెలుగులో రాసిపెట్టే ఏఐ టూల్స్ గురించి అడిగేలోపే చెప్తున్నా, ఇంటర్వ్యూలకి చిత్తుప్రతిగా పనికొస్తాయి. పాటకి రావు. రాగం తీస్తూ సాగదీసిన మాటని, ఆ ఊరి యాసని అవి తమకు తెలిసిన పుస్తకాల మాటకి మార్చేస్తాయి. తప్పు కనపడేలా ఉంటే దిద్దుకోవచ్చు. చక్కటి తెలుగులో తప్పు రాస్తేనే కష్టం.

ఇక పంచుకోవడం. మీ గైడ్ గారి మాట తీసిపారేయదగ్గది కాదు. థీసిస్ బయటికి రాకముందే తమ డేటాని వేరేవాళ్ల పాలు చేసుకున్నవాళ్లని నేనూ చూశాను. కానీ ఎవరికీ చూపించకుండానే మీ పేరు మీద నమోదు చేసుకునే దారి ఉంది. ఐరోపాలో సెర్న్ అనే పరిశోధన సంస్థ నడిపే జెనోడో అనే డేటా భాండాగారంలో ఉచితంగా అకౌంట్ తీసుకోండి. 2013 నుంచి ఉంది. ఒక్కో ఎంట్రీకి 50 జీబీ దాకా ఎక్కించొచ్చు, మీ ఆడియోని రెండు ఎంట్రీలు చేస్తే సరిపోతుంది. ఫైళ్లను ఫలానా తేదీ దాకా తాళం వేసి ఉంచమని చెప్పొచ్చు. వివరాల పేజీ మాత్రం అందరికీ కనిపిస్తుంది, దానికి డీఓఐ అనే శాశ్వత నంబరు వస్తుంది. ఫలానా తేదీ నాటికి ఈ సేకరణ ఈవిడ దగ్గర ఉందన్నదానికి అంతకంటే గట్టి రుజువు ఏముంటుంది? ఇది గైడ్ గారికి చూపించండి, ఒప్పుకుంటారనే అనుకుంటున్నా. థీసిస్‌లో కూడా ఆ నంబరే ఇవ్వండి, వెబ్‌సైట్ లింకు కాదు.

కొన్ని మంచి ఫొటోలు వికీమీడియా కామన్స్‌లో (వికీపీడియాకి ఫొటోలు అందించే సైట్) పెడితే ఎక్కువమంది చూస్తారు, ఆ ఊరి వికీపీడియా పేజీలోకి వస్తాయి. కాకపోతే అక్కడ వ్యాపారానికి వాడొద్దనే షరతు కుదరదు. ఎవరైనా పుస్తకంలో వేసి అమ్ముకోవచ్చు, మీ పేరు వేస్తే చాలు. మీకు అది ఇబ్బంది కాకపోతేనే పెట్టండి. ఆడియోకి మన దేశంలో ఇంకో మంచి చోటుంది. 1982లో మొదలై ఇప్పుడు గురుగ్రామ్‌లో నడుస్తున్న ఆర్కైవ్స్ అండ్ రీసెర్చ్ సెంటర్ ఫర్ ఎత్నోమ్యూజికాలజీ. ఇచ్చినవాళ్లు ఎవరికి వినిపించొచ్చో, ఎవరికి వద్దో షరతులు పెట్టొచ్చు. వాళ్లకి ఒక ఉత్తరం రాసి చూడండి.

అక్షాంశ రేఖాంశాల హెచ్చరిక అన్నాను కదా. వీరగల్లు కింద నిధి ఉందని తవ్వే బ్యాచ్‌లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, పేపర్లలో చూస్తూనే ఉంటారు. మీరు నాలుగు దశాంశాలతో లొకేషన్ ఇస్తే పది పదకొండు మీటర్ల తేడాతో రాయి దగ్గర దిగబెట్టినట్టే. బయట పెట్టే కాపీలో రెండు దశాంశాలకి తగ్గించండి, కిలోమీటరు అటూఇటుగా ఉంటుంది. మ్యాపు గీసుకోవడానికి అది చాలు. అసలు అంకెలు మీ డిస్కులో, తాళం వేసిన ఎంట్రీలో ఉంటాయి. షీట్‌లో తగ్గించి ఫొటోలో వదిలేయకండి. ఫోన్‌తో తీసిన ఫొటో లోపల లొకేషన్ దాగి ఉంటుంది, ఎక్కించే ముందు దాన్నీ తీసేయాలి. పొలం మధ్యలో ఒంటరిగా ఉన్న రాయి విషయంలో నేనైతే ఊరి పేరు కూడా చెప్పను, మండలం చెప్పి ఆపేస్తాను.

పాడినవాళ్ల ఒప్పుకోలు దగ్గర మీరు ఏం చేశారో రాయలేదు. సంతకం కాగితం కంటే రికార్డింగ్ మొదట్లోనే వాళ్ల గొంతుతో 'నా పేరు ఇది, ఇది ఫలానావాళ్లు వినొచ్చు' అని చెప్పించడం మేలు. కాగితం పోయినా ఆ ఒప్పుకోలు రికార్డింగుతోపాటే ఉంటుంది. అప్పుడు చేయించకపోతే ఇప్పుడు మళ్లీ వెళ్లి అడగండి. 'ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా' అని ముక్తసరిగా అడిగితే 'అట్నే పెట్టుకోమ్మా' అంటారు. ఫోన్ తీసి యూట్యూబ్ చూపించి, 'ఇదిగో, ఇలా ఎవరైనా వినొచ్చు, మీ పక్క ఊరి మేళం వాళ్లు కూడా విని నేర్చుకోవచ్చు' అని చెప్పి అడగండి. అప్పుడు వచ్చే జవాబు వేరేగా ఉంటుంది. ఒక పెద్దాయన నాతో, వీరుడు పడిపోయే ఘట్టం మామూలు రోజున పాడితే ఇంటికి కీడు, నీకోసం పాడాను గానీ అది ఎక్కడబడితే అక్కడ మోగకూడదు అన్నాడు. ఆ ముక్క ఇప్పటికీ తాళం లోపలే ఉంది. మన కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుడికి విడిగా హక్కు ఉంది, యాభై ఏళ్ల దాకా. ఆ రికార్డింగ్ మీ ఒక్కరిదే కాదు.

వాళ్లకి కాపీ ఇవ్వండి. హార్డ్ డిస్కు కాదు, జెనోడో లింకూ కాదు. చిన్న ఫోన్‌లో పట్టే మెమరీ కార్డులో ఎంపీ3లు వేసి ఇవ్వండి. ఇక్కడ ఎంపీ3నే సరైనది. ఊరెళ్లినప్పుడు ఈలాన్ పాఠం కూడా వినిపిస్తూ చదవండి, తప్పులు వాళ్లే దిద్దుతారు. నా రికార్డింగుల్లో ఒకదాంట్లో నేను 'అలుగు' అని రాసుకున్నది 'అలగ' అని గాయకుడి కోడలు చెప్పింది, పొయ్యి దగ్గర నుంచే.

సైట్ కావాలని ఇంకా ఉంటే, ఇదంతా అయ్యాక, మీ షీట్‌నే సేకరణలను సైట్‌గా చూపించే ఒమేకా అనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే సైట్ తయారవుతుంది. షీట్ బాగుంటే రెండు రోజుల పని.

ఒక్కటి మాత్రం వెంటనే చెప్పండి. రికార్డర్‌లో పెట్టిన మెమరీ కార్డులు ఇంకా మీ దగ్గరే ఉన్నాయా, లేక ఖాళీ చేసి మళ్లీ వాడేస్తున్నారా? ఉంటే వాటిని ముట్టుకోకండి, ఒక కవర్లో వేసి పైన తేదీ రాసి పక్కన పెట్టండి. షీట్‌లోంచి ఓ పది వరసలు ఇక్కడ పెడితే, కళాకారుల పేర్లు తీసేసి, గడులు ఎలా మార్చుకోవాలో చూసి చెప్తాను.